సాలొమోను ఒప్పుకోలు పత్రం

బళ్లారి గాంధీనగర్‌లో సాలొమోను మంచివాడని అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆ మంచితనం పక్కవాడికి ఏం తెచ్చిపెట్టిందో సండూరులో ఉండే పరశురామ్‌ని అడిగితే తెలుస్తుంది. పరశురామ్ చెప్పడు, అది వేరే సంగతి. అందుకే ఈ కథ మనం చెప్పుకోవాల్సి వస్తోంది.

సాలొమోను ఒక ప్రైవేటు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఏ గని హద్దు ఎక్కడిదాకా, ఏ కొండ ఎంత ఎత్తు, ఏ వాలు ఎంత నిటారు, అన్నీ కొలతల ప్రకారం కంప్యూటర్లో గీసి పటం తయారుచేయడం అతని ఉద్యోగం. చైనావాళ్లు మన ఇనుపరాయినే కాక ఎర్రమట్టిని కూడా కొంటున్నారన్న మాట పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఆఫీసుకు తీరిక లేకుండా పోయింది. పొద్దున పటంలో గీసిన హద్దురాయి సాయంత్రానికి కొండమీద ఆ చోట ఉండేది కాదు. "సార్, రాయి జరిగింది" అని సాలొమోను అంటే యజమాని "పటం కూడా జరుపయ్యా, దానికేం కష్టం" అనేవాడు. ఇతను జరిపేవాడు కాదు. ఆ పని పక్క టేబులువాడు చేసేవాడు, జీతం కూడా పక్క టేబులుకే పెరిగేది. సాలొమోను భార్య జ్ఞానకుమారి ఆసుపత్రిలో నర్సు. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తోందని వీధిలో అందరికీ తెలుసు.

అతను ఇట్లా తయారవడానికి వాళ్ల సంఘంలోని ఒక పద్ధతి కారణం. దొరల కాలం నాటి మిషన్ సంఘం అది. ప్రభు భోజన సంస్కారం జరిగే ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం ఆయత్త కూడిక, అంటే సిద్ధపడే కూడిక, పెడతారు. తప్పు చేసినవాడెవడైనా ఉంటే ఆ రోజు అందరి ముందూ నిలబడి చెప్పుకోవాలి. చెప్పేటప్పుడు ఏదీ మిగల్చకూడదు. ఎవరితో కలిసి చేశాడో వాళ్ల పేరూ చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, "తెలియక చేశాను" అనకూడదు. అట్లా అంటే పెద్దలు ఊరుకోరు, "తెలియకపోతే ఇంక ఒప్పుకునేదేముంది, కూర్చో" అంటారు. అంతా చెప్పాక పాస్టరుగారు ప్రార్థన చేసి "ఈ మాట ఇక్కడితో సరి" అంటారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తినవాడిదే తప్పు. ఇరవై రెండేళ్ల వయసులో, పాటల అభ్యాసం ఎగ్గొట్టి సినిమాకు పోయిన సంగతి సాలొమోను అట్లాగే నిలబడి చెప్పాడు. వెంట వచ్చిన టైటస్ పేరు కూడా చెప్పాడు. సంఘం ఇద్దరినీ క్షమించింది. టైటస్ మాత్రం ఏడాదిపాటు ఇతనితో మాట్లాడలేదు. సాలొమోనుకు గుర్తున్నది క్షమాపణ ఒక్కటే.

పరశురామ్ వేరే మతంవాడు, వేరే ఊరివాడు. ఇద్దరూ బళ్లారి ఐ.టి.ఐ.లో చదువుకున్నారు, ఇతను గీతల పని, అతను మోటారు మెకానిక్ పని. చదువయ్యాక పరశురామ్ సండూరులో మోటారు డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. ఒక పాత జీపు, ఒక పాత లారీ, రోడ్డు పక్కన ఒక గది. గనులు ఊపందుకున్నాక ఆ గదిముందు మనుషులు బారులు కట్టారు. నిన్నటిదాకా వేరుశనగ చేలల్లో కూలికి పోయినవాళ్లు, బ్రోకరుకు డబ్బిచ్చి లైసెన్సు తెచ్చుకుని, రేపు పదహారు టన్నుల మట్టితో కొండ దిగాలి. గని నుంచి తారానగర్ వైపు దిగే దారిలో పదకొండు మలుపులున్నాయి. ఏడో మలుపు దగ్గర ఏటా నలుగురైదుగురు పోయేవాళ్లు. లారీ పోతే ఇన్సూరెన్సు వచ్చేది, డ్రైవరు పోతే వాళ్ల ఊరికి కబురు వెళ్లేది.

"నేర్పించేదానికి నాకు లారీ ఒకటే ఉండాది, మనుషులు అరవైమంది ఉండారు. ఎట్లప్పా నేర్పేది?" అని పరశురామ్ ఒకసారి మొత్తుకున్నాడు.

ఆ మాట సాలొమోను మనసులో పడింది. అంతకు కొన్నాళ్ల ముందు బెంగళూరుకు ఆఫీసు పనిమీద వెళ్లి, అక్కడ ఒక లారీ ఆట సీడీ కొన్నాడు. విదేశీ కంపెనీది. కంప్యూటరుకు స్టీరింగు తగిలించి మంచు కురిసే రోడ్ల మీద పెద్ద లారీ తోలడం ఆ ఆట. బళ్లారిలో ఆ సీడీ ఏ సందులో అడిగినా ముప్పై రూపాయలకు దొరికేది. ఇతను వెయ్యికి ఒక రూపాయి తక్కువ పెట్టి అసలుది కొన్నాడు. పైగా డబ్బాలో పెట్టిన కార్డు మీద పేరు, చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి కంపెనీకి పోస్టు చేశాడు. "అడిగినారు కదా, రాయకపోతే ఏం మర్యాద" అన్నాడు జ్ఞానకుమారితో. జిల్లా మొత్తంలో ఆ కార్డు పంపినవాడు ఇతనొక్కడే అయ్యుంటాడు.

ఆ సీడీలోనే, ఆడేవాళ్లు సొంతంగా రోడ్లు తయారుచేసుకునే ఏర్పాటు ఉంది. కంపెనీవాళ్లే ఇచ్చారు, మీకు నచ్చిన రోడ్డు చేసుకోండి అని డబ్బా మీద రాశారు కూడా. సాలొమోను పదకొండు మలుపులూ చేశాడు. ఎనిమిది నెలలు పట్టింది. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి సండూరు పోయేవాడు, పరశురామ్ జీపులో ఇద్దరూ కొండెక్కి టేపు పట్టి కొలిచేవాళ్లు. తెల్లచొక్కాతో వెళ్లి ఎర్రచొక్కాతో వచ్చేవాడని జ్ఞానకుమారి విసుక్కునేది. హొన్నూరప్ప అనే ముసలి డ్రైవరు వాళ్ల పక్కన కూర్చుని, ఎక్కడ బ్రేకు వేడెక్కుతుంది, ఎక్కడ ఎదురొచ్చే లారీ కనపడదు, ఎక్కడ రోడ్డు వాన పడితే సబ్బులా జారుతుంది, అన్నీ చెప్పాడు. సాలొమోను చెప్పినవన్నీ గీశాడు. అతని జీవితంలో యజమాని లేకుండా, ఎవరూ జరపమనకుండా గీసిన పటం అదొక్కటే.

పరశురామ్ రెండు కంప్యూటర్లు, రెండు స్టీరింగులు కొని గదిలో పెట్టాడు. సాలొమోను తన సీడీనే ఆ రెండింటిలోనూ వేశాడు. ఇక్కడ తప్పు జరిగింది. ఒక సీడీ ఒక కంప్యూటరుకే అని, ఇంట్లో సరదాకే తప్ప వ్యాపారానికి వాడరాదని చిన్న అక్షరాల్లో ఉంది. సాలొమోను ఇంగ్లీషు చదవగలడు, చదివాడు కూడా. ఇంకో రెండు సీడీలు కొందామనుకున్నాడు, అవి దొరకలేదు, తర్వాత చూద్దామనుకున్నాడు, మరచిపోయాడు. పరశురామ్‌కు ఆ అక్షరాలు ఉన్నాయని కూడా తెలియదు. అతను కన్నడం చదువుతాడు, తెలుగు కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు జోలికి పోడు.

అక్కడినుంచి లారీ ఎక్కే ప్రతివాడూ ముందు ఆ గదిలో కూర్చుని పదకొండు మలుపులు దిగాలి. మొదటిరోజు అందరూ ఏడో మలుపులో పడేవాళ్లు. గది గొల్లుమనేది. "ఈడ నూరుసార్లు పడు, ఏం పోదు. ఆడ ఒకసారి పడితే చాలు" అని పరశురామ్ మళ్లీ మొదట్నుంచి దింపించేవాడు. రెండేళ్లలో రెండువందలమందికి పైగా అట్లా దిగారు. ఏడో మలుపు దగ్గర మనుషులు పోవడం పూర్తిగా ఆగలేదు గానీ, ఆ గదిలో నేర్చుకున్నవాళ్లలో ఒక్కడూ పోలేదు. ఈ మాట హొన్నూరప్ప ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు.

సాలొమోను తను చేసిన రోడ్డును కంపెనీవాళ్ల వెబ్‌సైట్లో కూడా పెట్టాడు, ఆడేవాళ్లు పెట్టుకోవడానికి వాళ్లే ఇచ్చిన చోటు అది. కింద 'సండూరు ఘాట్, చేసినది సాలొమోను, బళ్లారి' అని రాసుకున్నాడు. చాలా బాగుందని కంపెనీ నుంచి ఎవరో రెండు మాటలు రాశారు. ఆ రెండు మాటలు ప్రింటు తీసి బీరువా తలుపుకు అంటించుకున్నాడు పాపం.

తర్వాత ఆ చిన్న కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొనేసింది. రెండువేల ఏడు జనవరిలో ఢిల్లీ నుంచి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. పన్నెండు పేజీల లాయరు నోటీసు. మా ఆటను మార్చావు, మార్చినదాన్ని ప్రపంచానికి పంచావు, పదిహేను రోజుల్లో జవాబు చెప్పకపోతే పాతిక లక్షలు నష్టపరిహారం, జైలు. సండూరు పేరు అందులో లేదు. పరశురామ్ పేరు లేదు. డ్రైవింగ్ స్కూలు అనే ఒకటుందని వాళ్లకు తెలియనే తెలియదు.

సాలొమోను నోటీసు పట్టుకుని శివరామకృష్ణయ్య దగ్గరికి పోయాడు. ఆయన ముప్పై ఏళ్లుగా బళ్లారి కోర్టులో వకీలు. పన్నెండు పేజీలూ చదివి కళ్లజోడు తీసి పెట్టాడు.

"రోడ్డు చేసుకునే సామాను ఎవరిచ్చినారు?"

"వాళ్లే సార్."

"పెట్టుకునే చోటు?"

"అదీ వాళ్లే."

"సండూరు కొండేమన్నా వాళ్ల తాత సొత్తా? సుమ్నే, ఉత్త బెదిరింపయ్యా ఇది. ఇట్లాంటివి వెయ్యిమందికి పంపుతారు, పదిమంది భయపడతారు. రెండు వాక్యాల జవాబు రాస్తా. మీ ఆరోపణలన్నీ నిరాకరిస్తున్నాము అని. సంతకం పెట్టి ఇంటికి పోయి పడుకో."

"సార్, ఒక సీడీ మూడు కంప్యూటర్లలో వేసినాను నేను. స్కూల్లో వాడినాము."

"వాళ్లు అడిగినారా?"

"లేదు సార్."

"అడగనిదానికి జవాబెందుకు?"

"అన్నీ నిరాకరిస్తున్నామని ఎట్ల రాసేది సార్? తప్పు జరిగింది కదా."

"అది అబద్ధమాడటం కాదయ్యా, కోర్టు భాష. తప్పు ఉంటే వాళ్లు రుజువు చేసుకోవాల. ఆ కష్టం వాళ్లది, నీది కాదు." ఆయన విసుగ్గా కాగితాలు ముందుకు తోశాడు. "నేను రాసి పెడతా, రేపొచ్చి సంతకం పెట్టు. ఈలోపల ఎవరికీ ఒక్క అక్షరం రాయొద్దు."

ఆ రోజుల్లో బళ్లారిలో కొండలకు కొండలు మాయమవుతున్నాయి. మోసుకుపోయినవాళ్లెవరికీ పన్నెండు పేజీల నోటీసు రాలేదు. కొండను బొమ్మగా గీసినవాడికి వచ్చింది. ఎవడికైనా ఒళ్లు మండుతుంది. సాలొమోనుకు మండలేదు, సిగ్గేసింది. తన తప్పు ఎవరో దూరదేశంలో కనిపెట్టారని, ఇక దాచకూడదని అనుకున్నాడు. మర్నాడు లాయరు దగ్గరికి పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, తెల్లకాగితాలు ముందు వేసుకుని ఇంగ్లీషులో ఉత్తరం మొదలుపెట్టాడు. జ్ఞానకుమారి తలుపు దగ్గర నిలబడి చూసింది.

"లాయరు సార్ వద్దన్నారు కదా. ఏంది రాస్తాండారు?"

"ఒప్పుకుంటాండాను. ఒప్పుకుంటే అయిపోతాది."

"ఎవరి ముందర ఒప్పుకుంటాండారు? వాళ్లు మన సంఘమా?"

"మనుషులే కదా వాళ్లు కూడా."

"పరశురామన్నను ఒక మాట అడగండి. ఆయన పేరు రాస్తాండారా?"

"శనివారం పోయి చెప్తాలే" అన్నాడు తలెత్తకుండా.

చెప్పలేదు. ఆ శనివారం ఆఫీసులో పనిపడింది. కానీ అది సాకు. పరశురామ్ వద్దంటాడని ఇతనికి లోపల తెలుసు. తెలుసు గనకే పోలేదు. ఒప్పుకోలు మీద అంత భక్తి ఉన్నవాడు ఈ ఒక్కటీ ఎవరికీ ఒప్పుకోలేదు, తనకు తాను కూడా.

ఉత్తరం నాలుగు పేజీలు అయింది. ఏదీ మిగల్చలేదు. సీడీ ఎక్కడ కొన్నాడు, ఎన్ని కంప్యూటర్లలో వేశాడు, సండూరులో ఏ రోడ్డు మీద ఏ గది, పరశురామ్ తండ్రి పేరుతో సహా, రెండేళ్లలో ఎంతమంది నేర్చుకున్నారు, ఒక్కొక్కరి దగ్గర స్కూలు ఎంత ఫీజు తీసుకునేది, అన్నీ రాశాడు. చివర, చిన్నప్పటి నుంచీ పెద్దలు నేర్పినట్టే, 'మేమిద్దరమూ నిబంధనలు తెలిసే ఈ పని చేశాము, తెలియక చేయలేదు, క్షమించండి' అని రాసి సంతకం పెట్టాడు. ఆ శనివారం దాటాక సోమవారం పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి, రసీదు తీసుకుని, దారిలో అర కేజీ మైసూరుపాకు కొనుక్కుని ఇంటికొచ్చాడు. అంత హాయిగా అతను నిద్రపోయి చాలా రోజులైందని జ్ఞానకుమారి తర్వాత చెప్పింది.

పదిరోజులకు ఉత్తరం అందినట్టు అక్నాలెడ్జిమెంటు కార్డు వచ్చింది. నీలం సిరాతో ఎవరిదో సంతకం. అదే 'ఈ మాట ఇక్కడితో సరి' అనుకుని సాలొమోను దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. లాయరు సార్ ఎదురుపడితే "చూసినారా సార్, ఏం కాలేదు" అన్నాడు కూడా.

మే నెలలో ఒకరోజు పొద్దున పదకొండింటికి పరశురామ్ ఫోను చేశాడు.

"యాడుండావప్పా? ఢిల్లీ నుంచి కోర్టు కమిషనరంట, పోలీసులను పిల్చుకోని వచ్చినారు. కంప్యూటర్లు, స్టీరింగులు, రిజిస్టరు పూరా తీస్కపోయినారు. రూముకు సీలు వేసినారు. ఇంతలావు కాగితాల కట్ట ఇచ్చినారు, అంతా ఇంగ్లీషే. ఏందో ఏం తెలీడంలే. నువ్వొచ్చి చదివి చెప్పప్పా."

సాలొమోను ఉన్నపళాన సండూరు బస్సెక్కాడు. దారి పొడుగునా ఖనిజం లారీలు అడ్డం, గంటన్నర దారికి మూడు గంటలు పట్టింది. పరశురామ్ ఇంటి వసారాలో అతని భార్య సౌభాగ్య చాప వేసి, మంచినీళ్లు పెట్టి, "చదువన్నా, ఏం రాసినారో" అంది. ముగ్గురూ కూర్చున్నారు. సాలొమోను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. పెద్ద కంపెనీ పరశురామ్ మీద దావా వేసింది. దొంగ సీడీలతో వ్యాపారం చేశాడు. రెండువందల పధ్నాలుగుమంది దగ్గర ఫీజులు వసూలు చేశాడు.

"రెండునూర్ల పద్నాలుగు అని అంత కరెక్టుగా ఎవరు చెప్పినారప్పా వాళ్లకు? రిజిస్టరు ఈపొద్దే కదా తీస్కపోయింది" అన్నాడు పరశురామ్.

సాలొమోను పేజీ తిప్పాడు. అక్కడ తన చేతిరాత ఉంది. స్టెన్సిలు పెట్టి దిద్దినట్టుండే ఆ వాలు అక్షరాలు బళ్లారిలో ఎవరికైనా తెలుసు, పరశురామ్‌కు ఐ.టి.ఐ. రోజుల నుంచీ తెలుసు. సాలొమోను చదవడం ఆపాడు.

"ఆపినావేంది? చదువు."

చదివాడు. నాలుగు పేజీలూ ఒక్క ముక్క వదలకుండా చదివి తెలుగులో చెప్పాడు. అబద్ధమాడటం చేతకానివాడు కదా. 'మేమిద్దరమూ తెలిసే చేశాము' అన్నచోట సౌభాగ్య లేచి లోపలికి వెళ్లిపోయింది.

పరశురామ్ రోడ్డు మీద పోయే లారీల వైపు తిరిగాడు. అటే చూస్తూ అడిగాడు.

"నాకు తెలుసునని రాసినావా?"

"అట్లనే రాయాల మా పద్ధతిలో... తెలీదంటే తప్పించుకున్నట్ల అయితాది అని..."

"నీ తప్పు నువ్వు ఒప్పుకుంటివి, బాగుండాది. నా తప్పు నేనే ఒప్పుకోవాల కదప్పా? దాన్ని కూడా నువ్వే ఒప్పుకుంటే ఎట్ల?"

  పాతికేళ్ల స్నేహంలో ఆ మాట ఒక్కసారి ముందే తనకు తోచి ఉంటే బాగుండేదని సాలొమోను ఇప్పటికీ కుమిలిపోతాడు.

శివరామకృష్ణయ్య కాగితాలన్నీ చూసి మొదట సాలొమోనును తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాడు. తర్వాత అసలు సంగతి విప్పి చెప్పాడు. ఆ పెద్ద కంపెనీ గనులకు డ్రైవర్ల శిక్షణ యంత్రాలు అమ్ముతుంది. ఒక్కోటి నలభై లక్షలు. సండూరులో ఒక మెకానిక్కు రెండు మామూలు కంప్యూటర్లతో అదే పని చేసి చూపిస్తున్నాడంటే వాళ్లకు మంట. ఆ సంగతి వాళ్లకు తెలియజేసింది సాలొమోను ఉత్తరమే. "ఇంకో ముచ్చట విను. నీ మీద కేసు లేదు. నువ్వు సహకరించినావంట. నీకిచ్చిన నోటీసు వాపసు తీసుకున్నారు."

"సార్, నా పేరు కూడా చేర్పించండి. తప్పు నాది."

"చేర్చమని అడిగేదానికి నువ్వెవరివయ్యా? దావా వేసినవాడి ఇష్టం."

గది సీలు అట్లాగే ఉండిపోయింది. ఆ వానాకాలం ఏడో మలుపు దగ్గర మూడు లారీలు పడ్డాయి. పోయిన డ్రైవర్లలో ఒకడు, పేరు లక్ష్మన్న, మే నెలలో స్కూల్లో చేరడానికి వచ్చి తాళం చూసి వెనక్కు పోయినవాడు. స్కూలు ఉండుంటే బతికేవాడని ఎవరూ గట్టిగా చెప్పలేరు. హొన్నూరప్ప మాత్రం ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పడం మానేశాడు.

మరుసటి ఏడాది జనవరిలో ఢిల్లీలో వాయిదా. అక్కడి లాయరు ఫీజు కోసం పరశురామ్ నేర్పే లారీని అమ్మేశాడు. ఇంగ్లీషు చెప్పడానికి మనిషి కావాలి గనక సాలొమోను వెంట వెళ్లాడు. పరశురామ్ రమ్మనలేదు, వద్దనలేదు. రైల్లో సౌభాగ్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఇద్దరూ పంచుకుని తిన్నారు. టిఫిను డబ్బా మూత మీద పెట్టి ఒక్కో రొట్టె జరిపేవాడు పరశురామ్.

కోర్టులో వాళ్ల వంతు వచ్చేసరికి మూడయింది. కంపెనీ లాయరు లేచి, ప్రతివాది తెలిసే చేశాడనడానికి ఉత్తరమే సాక్ష్యమన్నాడు. జడ్జిగారు పరశురామ్‌ని చూసి ఏదో అడిగారు. అతనికి అర్థం కాలేదు. సాలొమోను వెనక బెంచీలోంచి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ రోడ్డు చేసింది నేను. సీడీ వేసింది నేను. ఇతనికి నిబంధనలు తెలియవు. ఇంగ్లీషే రాదు" అన్నాడు ఇంగ్లీషులో.

"మీరెవరు?"

చెప్పాడు. జడ్జిగారు కాగితాలు తిరగేశారు. మంచి మనిషే, గొంతు పెంచలేదు. "తెలిసే చేశామని ఇక్కడ మీరే రాశారు. అప్పుడు రాసింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

"ఇప్పుడు చెప్పేది నిజం."

"అయితే అబద్ధం రాసి సంతకం పెట్టారా?"

జడ్జిగారి చేతిలోని నాలుగు పేజీల వైపు సాలొమోను చూశాడు. ప్రతి అక్షరమూ నిజమేనని గర్వంగా పంపిన ఉత్తరం అది. అందులో ఉన్న ఒకే ఒక్క అబద్ధం పరశురామ్ గురించి. ఆ అబద్ధం తాను మంచివాడనిపించుకోవడానికి ఆడాడని ఆ క్షణంలో అతనికి తెలిసింది.

"మీ పేరు ఈ కేసులో లేదు. కూర్చోండి" అన్నారు జడ్జిగారు. కూర్చున్నాడు.

రాజీ పత్రం ఆ సాయంత్రమే తయారయింది. పరశురామ్ నాలుగు లక్షలు కట్టాలి, క్షమాపణ చెప్పాలి, ఇక ఏ కంప్యూటరు సాయంతోనూ ఎవరికీ బండి నేర్పకూడదు. సాలొమోను వరండాలో నిలబడి చదివి వినిపించాడు. పరశురామ్ అంతా విని సంతకం చేశాడు.

తిరుగు రైలు గుంతకల్లు దగ్గరపడుతుండగా పరశురామ్ సాలొమోను వైపు తిరిగాడు.

"ఒక మాటప్పా. ఇంక మా ఇంటికి రావద్దు."

"సరే."

"కోపం కాదు. నువ్వొస్తే సౌభాగ్య కూర్చోన్నా అంటాది, కాఫీ ఇస్తాది. నువ్వు తప్పైపోయింది అంటావు. నేను పోనీలే అనాల్సొస్తాది. నాకు అనబుద్ధి కావడంలే."

సాలొమోనుకు చెప్పాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి. ఉత్తరం పంపేముందు ఆ శనివారం కావాలనే సండూరు రాలేదన్నది కూడా అందులో ఒకటి.  చెబితే తనకు కాస్త తేలికవుతుంది. పరశురామ్ మొహం చూసి ఊరుకున్నాడు.

గుంతకల్లులో దిగి బళ్లారి పాసింజరు కోసం ఇద్దరూ ఒకే బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు. బళ్లారి స్టేషను బయట పరశురామ్ సండూరు బస్సు ఎక్కి, కిటికీలోంచి చూసి, "జ్ఞానకుమారమ్మను అడిగినానని చెప్పు" అన్నాడు. సాలొమోను ఇంటికి వచ్చి ఆ మాట భార్యకు చెప్పాడు. ఆ తర్వాత అతను సండూరు బస్సు ఎక్కలేదు.